పిలిచిన పేర్లు

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త రాగానే కరోనాకి మా మతం అంటగట్టారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో తరాలుగా బతుకుతున్న మేం ఒక్కరాత్రిలో అనుమానితులమయ్యాం. విదేశీ తబ్లీగీలను బలిపశువుల్ని చేసినట్టుందని ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అంది. ఆ మాట మా వీధిదాకా రాలేదు.

అడుగుదామంటే ఎన్నికైన సర్పంచి లేడు, కౌన్సిలరు లేడు. రాష్ట్రంలో పంచాయతీల గడువు 2018లో, పురపాలక సంఘాల గడువు 2019లో తీరిపోయింది. ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికలు 2021 ఫిబ్రవరి, మార్చిల్లోగాని జరగలేదు.

రోగం మా పేరు చూసింది. సాయం కాగితాల్లో పేరు చూసింది. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2021లో వచ్చిన 50,000 రూపాయల పరిహారానికి మరణపత్రం కావాల్సి వచ్చింది, కోవిడ్ రుజువు కావాల్సి వచ్చింది, వారసులమని తేలాల్సి వచ్చింది. ఉర్దూ పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా పడితే చనిపోయిన మనిషి మా మనిషేనని మేమే నిరూపించుకోవాల్సి వచ్చింది.

మాకు జాలి వద్దు. పరిహారం ఎవరికందిందో, ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో గ్రామసభలో, కౌన్సిల్ సమావేశంలో పైకి చదవాలి. సాయిబుల వీధి ఆడవాళ్ళు లేచి అడిగితే జవాబు చెప్పాలి. రోగమప్పుడు మమ్మల్ని పేరుపెట్టి పిలిచిన ఊరు, లెక్క చెప్పేటప్పుడూ పిలవాలి.