విసాపూర్‌లో మా యిల్లు, మా సామాను

విసాపూర్ అనగానే కొందరు పూనా వైపున లోణావళా దగ్గర కొండ మీదనున్న కోటను తలుచుకుంటారు. మేము చెప్పబోయేది ఆ విసాపూర్ కాదు. మాది చంద్రపూర్ జిల్లా విసాపూర్. చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ పోయే దారిలో, బల్లార్‌పూర్ యింకా కొంచెం దూరమున్నదనగా వస్తుంది. ఈ వూరి పేరు వినని తెలుగువారు కూడా పొరుగునున్న బల్లార్షా స్టేషనును ఎరుగుదురు. కాజీపేట నుంచి ఉత్తరాదికి పోయే బండ్లు పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి, వర్ధా నది వంతెన మీదుగా వచ్చి అక్కడ ఆగుతవి. దక్షిణ మధ్య రైల్వే ముగిసి మధ్య రైల్వే మొదలయ్యేది అక్కడే. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడవటం ప్రారంభమైనది మొదలు, ఎందరో తెలుగువాళ్ళు నిద్రకళ్ళతో ఆ ప్లాట్‌ఫారం మీద టీ తాగి ముందుకు పోతూ వున్నారు. కొందరు దిగి వుండిపోయారు. మేము ఆ దిగినవాళ్ళ తాలూకు మనుషులము.

మా వూళ్ళో చూడవలసినవి లేకపోలేదు. పక్కనే పెద్ద వృక్షోద్యానం వెలిసింది. క్రీడాప్రాంగణం వచ్చింది. 2019 నుంచి సైనిక్ స్కూలు నడుస్తున్నది. బంధువులు వస్తే యివన్నీ తిప్పి చూపిస్తాము. అంతా తిరిగి వచ్చిన తరువాత వాళ్ళను కూర్చోబెట్టటానికి యింట్లో చోటు చూపించటమే కష్టంగా వుండేది. ఆ చోటును గురించి నాలుగు మాటలు చెప్పాలని యీ వ్యాసం.

నిజానికి యిల్లు కట్టేవాళ్ళకు యింతకంటే అనుకూలమైన జిల్లా దొరకదు. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహీ, ఘుగ్గుస్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలున్నవి; వాటికి కావలసిన సున్నపురాయి యీ నేలలోదే. యిసుక వర్ధాలో వున్నది. చంద్రపూర్‌లోని పెద్ద థర్మల్ కేంద్రం 2,920 మెగావాట్లది. అక్కడ కాలిన బొగ్గు బూడిదయి, ఆ బూడిద యిటుకలవుతుంది. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల కట్టడాలలో యీ బూడిద యిటుకలు వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లో ఉత్తర్వు కూడా చేసింది. ఇక కలప సంగతి చెప్పనే అక్కరలేదు. 2023 మార్చిలో అయోధ్య రామమందిరం తలుపులకు టేకు వెళ్ళినది బల్లార్షా నుంచే. ఆ తలుపులను చెక్కినది హైదరాబాదు సంస్థ అని విని యిక్కడి తెలుగువాళ్ళము మరికొంత సంతోషించాము. పక్కనే 1945లో నెలకొల్పిన కాగితం కంపెనీ వున్నది. జామాయిల్ దుంగలూ, వెదురూ నింపుకుని పోయే లారీల వెనుక మా స్కూటర్లు తలవంచుకుని నడుస్తవి.

ఇన్ని వస్తువులు పుట్టే జిల్లాలో, మా యింట్లో చింతపండు కుండకు వొక స్థిరమైన చోటు లేదు!

మా పెద్దలు పెద్దపల్లి దగ్గరి పల్లె నుంచి బొగ్గుగనిలో పనికి వచ్చారు. ఈ ప్రాంతపు తెలుగువాళ్ళ కథలు చాలావరకు యిటువంటివే: గని, మిల్లు, రైల్వే. వర్ధా ఆవలి ఒడ్డున వున్న రాజురా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోనిది. 1959లో అప్పటి చాందా జిల్లాలో చేరింది. అందుచేత నది దాటితే తెలుగు మాట మాకంటే ముందునుంచీ వున్నది. పనిలో వున్నన్నాళ్ళు మావాళ్ళు క్వార్టరులో వున్నారు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊరికి పోవటమా, యిక్కడ వుండటమా అన్నది తేలకుండానే విసాపూర్‌లో చిన్న జాగా కొని రెండు గదులు వేశారు. "పైన పెంకులు చాలు, మనముండేది నాలుగేండ్లే గదా" అన్నారట. ఆ నాలుగేండ్లు యింకా నడుస్తున్నవి.

అప్పటి నుంచి కడుతూనే వున్నాము. చిట్టీ పాడిన యేడు వంటిల్లు, పెండ్లి జరిగిన యేడు నడిమి గది, చేతికి కొంత డబ్బు వచ్చిన యేడు వెనుక గది. మా యింటి చరిత్ర గోడలు చూస్తే తెలుస్తుంది. ముందుది ఎర్ర యిటుక, నడిమిది బూడిద యిటుక, వెనుకది యింకా ప్లాస్టరింగు ఎరుగని యిటుక.

మా జాగా నల్లరేగడి నేల. వానకాలంలో నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఎండకాలంలో ఎండి నెర్రెలు విచ్చుతుంది. లోతులేని పునాది మీద లేచిన గోడ కూడా దానితోపాటు పైకీ కిందికీ ఆడుతుంది. ఒక గది వొక యేడు, దానికి ఆనించి యింకో గది యింకో యేడు కడితే, అతుకు దగ్గర పగులు పడక మానదు. గోడలో పెట్టిన అలమారకు జూలైలో తలుపు పడదు. మే నెలలో అదే తలుపు సందులోంచి బల్లి దూరుతుంది. వెనుక గది కట్టేటప్పుడు నల్లమట్టి లోతుగా తీయించి, మొరం నింపి, నీళ్ళు పోసి దిమ్మిస కొట్టించి, పునాది మీద చుట్టూ కాంక్రీటు బీము పోయించాము. ఖర్చు పెరిగినా ఆ గది కదలలేదు. ఇక్కడ యిల్లు కట్టదలచినవారు గోడల రంగు సంగతి తరువాత ఆలోచించి, ముందు మట్టి సంగతి చూచుకోవటం మేలు.

మట్టి తరువాత చెప్పవలసినది ఎండ. మే నెలలో 47 డిగ్రీలు దాటటం చంద్రపూర్‌కు కొత్త కాదు. అందుచేత విదర్భలో కూలరు లేని యిల్లు అరుదు. కూలరంటే దాదాపు బీరువా అంత యినుప పెట్టె. మూడు వైపులా గడ్డి తడకలు, లోపల నీళ్ళు, ముందు ఫ్యాను. మార్చి నుంచి జూన్ దాకా అది కిటికీ బయట నిలబడి మా ప్రాణాలు కాపాడుతుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగితే దాని చల్లదనం పనిచెయ్యదు. బయట వదిలితే తుప్పు పడుతుంది. కనుక మిగిలిన ఎనిమిది నెలలూ కూలరు యింట్లోకి వచ్చి, పనిలేని బావగారి వలె గది మధ్య కూర్చుంటుంది. మావి రెండు కూలర్లు. ఒకదాని కడుపులో ఉల్లిగడ్డలు, రెండవదానిలో బొంతలు పెడుతున్నాము. పదో తరగతి చదివే మా అమ్మాయికి బల్ల వెయ్యటానికి చోటు లేక, కూలరు నెత్తి మీద పుస్తకాలు పరుచుకుని నిలబడి లెక్కలు చేసేది.

ఎండ తరువాత నీళ్ళు. 2022 జూలైలో వర్ధా పొంగి రాజురా వైపు రాకపోకలు ఆగిపోయినవి. మా వీధికి నీళ్ళు రాలేదు గాని, వస్తవేమోనని బియ్యం సంచులు మంచాల మీదికి, మంచాల కింది పెట్టెలు అటక మీదికి ఎక్కించాము. వరద తీసింది, పెట్టెలు దిగలేదు.

ఈ అటకను మా యింట్లో ఎవరి మాటతో వారు పిలుస్తారు. గవండి దాన్ని మాళా అంటాడు. పిల్లలు లాఫ్టు అంటారు. పిల్లలూ పెద్దలూ అందరమూ అవ్వ అని పిలిచే మా యింటి పెద్దామె మాత్రం అటక అంటుంది. అక్కడ వున్నవి ఏమిటో పూర్తిగా తెలిసినదీ ఆమెకే.

పోయిన ఎండకాలంలో ముందుగది కప్పు సంగతి తేలవలసివచ్చింది. వాసాలకు చెదలు పట్టినవి. పెంకులు దించి, వానలు రాకముందే స్లాబు వెయ్యాలన్నాడు గవండి. ముందు అటక ఖాళీ చెయ్యమన్నాడు. చేశాము. వాకిట్లో సామాను పరిచిన తరువాత అందరమూ నోళ్ళు తెరుచుకుని చూచాము. రెండు గుండిగలు, ఒక గంగాళం, రాగి కాగు, ఐదు యిత్తడి బిందెలు, ఇసుర్రాయి, రోకలి, మానిక, సోల, ఎద్దుల మెడ గంటలు వొక మూట, మూడు జాడీలు, నవారు చుట్ట, సందూగ. ఆ సందూగలో, గుడ్డలో చుట్టి, నూనె రాసిన పెద్ద తాళంచెవి. మా పల్లెలోని యింటి దర్వాజది.

ఆ యిల్లు కూలి చాలా యేండ్లయింది. జాగా పాలివాళ్ళ చేతికి పోయింది. అక్కడ దర్వాజ లేదు, గోడ లేదు. తాళంచెవికి మాత్రం తుప్పు పట్టలేదు.

గవండి టేపు పట్టుకుని నిలబడి అడిగాడు: యిదంతా మళ్ళీ పైకి ఎక్కించేదేనా? అయితే మాళా నాలుగు అడుగుల వెడల్పున, రెండు గోడల పొడుగునా పొయ్యాలి. అప్పుడు కిటికీ పైభాగం మూసుకుపోతుంది, గదికి వెలుతురు తగ్గుతుంది. ఎక్కించేది కాకపోతే రెండడుగులది వొక్కటి చాలు. కిటికీ కింద చదువు బల్ల పడుతుంది. చెప్పండి, రేపు ఊచలు కట్టాలి అన్నాడు.

యిత్తడి అమ్మేద్దామని మాలో వొకరన్నారు. బల్లార్‌పూర్‌లో తూకానికి కొంటారు; స్లాబుకు వచ్చినంత వస్తుంది. అవ్వ గుమ్మంలో కూర్చుని వున్నది. కోపం చెయ్యలేదు. "అమ్ముర్రి బిడ్డా. రేపు ఊరికి పోయినంక ఎసరు దేంట్ల పెడ్తరు?" అని మాత్రం అడిగింది.

ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. ఊరికి పోయేది లేదని మా అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా ఆ మాటను యింతవరకూ యీ యింట్లో ఎవరూ పైకి అనలేదు. అనకుండా వుండటానికే కాబోలు, యిన్నేండ్లూ అంత బరువును నెత్తి మీద పెట్టుకుని పడుకున్నాము. నాలుగేండ్లకని వేసిన పెంకుల కప్పూ, పోయేటప్పుడు పట్టుకుపోవాలని దాచిన సామానూ, ప్లాస్టరింగు చెయ్యని గోడా, అన్నీ ఆ తేల్చని మాటలోంచి వచ్చినవే.

గవండిని రెండు రోజులు ఆగమన్నాము. సామాను వాకిట్లోనే టార్పాలిన్ కింద వున్నది. ఆ రెండవ రోజు మా వెనుక వీధి మరాఠీ ఆమె వచ్చింది. వాళ్ళింట్లో పెండ్లి వున్నది. మా వాకిట్లో గుండిగలు చూచి, "ఆజీ, మోఠీ భాండీ ద్యాల్ కా?" అని అడిగింది. పెద్ద గిన్నెలు యిస్తారా అని. మేము అవ్వ ముఖం చూచాము. అవ్వకు యిన్నేండ్లయినా మరాఠీ సగమే వచ్చు. లేచి, గుండిగల మీద దుమ్ము కొంగుతో తుడిచి, "చింతపండుతోని తోమి ఇయ్యుమను" అన్నది.

పెండ్లి అయిన మర్నాడు గుండిగలు తళతళ మెరుస్తూ తిరిగి వచ్చినవి. ఒకదానిలో బుందీ లడ్డూలు వున్నవి. అవ్వ ఒక లడ్డూ విరిచి పిల్లల చేతిలో పెట్టి, "ఇగ పైకెక్కియ్యకుర్రి. కిందనే పెట్టుర్రి, అడిగినోళ్ళకు అందేటట్టు" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు. మేమూ అడగలేదు. సాయంకాలం గవండికి కబురు పంపాము: మాళా రెండడుగులే పొయ్యి.

స్లాబు వానలకు ముందే పడింది. దించిన కప్పులో వాసాలు పొట్టులాగా రాలినవి గాని, నడిమి దూలం టేకుది. చెదలు దాని జోలికి పోలేదు. దాన్ని కోయించి బల్లలు తీయించాము. వెనుక వసారాలో నడుము ఎత్తున మూడు వరుసలు వేయించి, కింది వరుసలో గంగాళం, గుండిగలు, పైన బిందెలు, ఆ పైన జాడీలు పెట్టాము. అప్పటి నుంచి యీ వీధిలో బారసాలకూ, పెండ్లికీ ఆ గుండిగలు పోయి వస్తూనే వున్నవి. ఇసుర్రాయి వాకిట్లో వేపచెట్టు కింద వున్నది. ఎద్దుల గంటలు దర్వాజకు కట్టాము. ఎవరు వచ్చినా మోగుతవి. తాళంచెవిని అవ్వ తన మంచం పక్క గోడకు మేకు కొట్టించి తగిలించుకున్నది. సందూగలో యిప్పుడు అమ్మాయి పుస్తకాలున్నవి. కిటికీ కింద బల్ల వేశాము. ఆమె కూర్చుని లెక్కలు చేసుకుంటున్నది.

పని అయిపోయిందని చెప్పలేము. వెనుక గదికి ప్లాస్టరింగు కావాలి. నడిమి గది పగులులో గవండి పూసిన సిమెంటు వచ్చే మే నెలకు ఏమంటుందో చూడాలి. మూలన పది సిమెంటు సంచులున్నవి. తడి తగలకుండా పలకల మీద పేర్చి వుంచాము.

ఊరుగాని వూళ్ళో యిల్లు కట్టుకున్న కుటుంబాలు మన సంఘంలో చాలా వున్నవి. వారికి మేము చెప్పగలిగినది వొక్కటే. చోటు చాలటం లేదని కొత్త గది వేసే ముందు, అటక మీదివన్నీ వొకసారి వాకిట్లోకి దించి, యింటి పెద్దవాళ్ళను కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టండి. ఏది వుండాలో, ఏది పోవాలో మీరు చెప్పకండి. వాళ్ళ నోటితోనే రానివ్వండి. రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

బల్లార్షా మీదుగా పోయేవారు యీసారి ఒక పూట దిగి మా యింటికి రండి. సిమెంటు సంచులు దాటుకుని రావలసివుంటుంది గాని, కూర్చోవటానికి యిప్పుడు చోటున్నది. కూలర్లకు మాత్రం యింకా దొరకలేదు.