ఆ ఏడాది ఆడనన్న జట్టు

రష్యాలో వోల్గా ఒడ్డున, మాస్కోకి ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో యారోస్లావ్ల్ అనే వెయ్యేళ్ళ పాత ఊరుంది. ఆ ఊరికి లోకోమోటివ్ అనే ఐస్ హాకీ క్లబ్బు ఉంది. మంచుగడ్డ మీద కాలు పెట్టి ఎరగనివాణ్ణి నేను. అయినా ఆ క్లబ్బు చరిత్ర నన్ను వదలదు. పెద్ద లీగులో చోటుండి, ఆటగాళ్ళను ఇస్తామని ముందుకొచ్చినవాళ్ళుండి కూడా, ఒక ఏడాది "మేం ఆడం" అంది ఆ క్లబ్బు. ఆ మాట వెనక ఏముందో అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

1959లో ఆ ఊరి మోటారు ఇంజన్ల కర్మాగారం జట్టుగా అది మొదలైంది. పేర్లు మారుతూ వచ్చి, చాలాకాలం టార్పెడో అన్న పేరు మీద నిలిచింది. మాస్కో పెద్ద క్లబ్బుల నీడలో బతికిన జిల్లా జట్టు అది. సోవియట్ యూనియన్ పోయాక, రష్యా సూపర్ లీగ్ మొదటి సీజన్లోనే, 1997లో, ప్యోత్ర్ వొరోబ్యోవ్ అనే కోచ్ చేతుల్లో ఛాంపియన్ అయింది. 2000లో రైల్వే అండతో లోకోమోటివ్‌గా పేరు మారింది. ఆ మరుసటి ఏడు అరెనా-2000 అనే కొత్త స్టేడియం తయారైంది. చెక్ దేశపు కోచ్ వ్లాదిమీర్ వూయ్‌తెక్ వచ్చి 2002లో, 2003లో వరసగా రెండు టైటిళ్ళు తెచ్చాడు. కేహెచ్‌ఎల్ అనే కొత్త పెద్ద లీగు మొదలైన తొలి సీజన్లోనే, 2009లో, ఆ లీగు కప్పైన గగారిన్ కప్ ఫైనల్‌కు చేరి, ఏడో మ్యాచ్ దాకా పోరాడి కజాన్ జట్టు చేతిలో ఓడింది.

2011 సెప్టెంబరు 7న కొత్త సీజన్ తొలి మ్యాచ్ కోసం జట్టు మిన్‌స్క్ బయల్దేరింది. యాక్-42 విమానం రన్‌వే చివర దాటిపోయాక గానీ నేల విడవలేదు. అవతలి యాంటెన్నా స్తంభాన్ని కొట్టుకుని నది ఒడ్డున కూలింది. ఉన్నది 45 మంది, పోయింది 44 మంది. కోచ్ బ్రాడ్ మెక్‌క్రిమన్ కెనడావాడు. పావొల్ డెమిత్రా స్లొవేకియాకు, రుస్లాన్ సలేయ్ బెలారుస్‌కు, గోల్‌కీపర్ స్తెఫాన్ లివ్ స్వీడన్‌కు పెద్ద పేర్లు. ఒక్క ఊరి విమానం కూలితే ఇన్ని దేశాల్లో దీపాలు వెలిగించారు. కెప్టెన్ ఇవాన్ త్కచెంకో మాత్రం యారోస్లావ్ల్ బిడ్డ. జబ్బుపడిన పిల్లల వైద్యానికి ఎవరికీ చెప్పకుండా డబ్బు పంపేవాడని, ఆఖరి విడత విమానం ఎక్కే రోజున పంపాడని అతను పోయాకే తెలిసింది. ఆ ఊళ్ళోనే పుట్టి, క్లబ్బు బడిలోనే ఆట నేర్చిన అలెగ్జాండర్ గలీమొవ్ ఒళ్ళంతా కాలిన గాయాలతో ఐదు రోజులు పోరాడి సెప్టెంబరు 12న కన్నుమూశాడు. విమాన సిబ్బందిలో ఒకరు మాత్రం బతికారు.

విచారణలో తేలిన కారణం నన్ను ప్రమాదం కన్నా ఎక్కువగా కలవరపెట్టింది. విమానం పరుగెత్తుతుండగా పైలట్లలో ఒకరి పాదం బ్రేకు పెడల్‌ని తొక్కుతూ ఉంది. ఇద్దరికీ యాక్-40 నడిపిన అలవాటు. అందులో కాళ్ళు పెట్టే తీరు వేరు. కొత్త విమానానికి కావలసిన శిక్షణ సరిగ్గా పూర్తికాలేదు. కాగితాల మీద మాత్రం అంతా సక్రమం. అంటే ఆ సీట్లో మనిషి ఉన్నాడు గానీ, ఆ సీటుకు తయారైన మనిషి లేడు.

వార్త పాకిన గంటల్లోనే ఇతర క్లబ్బులు ముందుకొచ్చాయి. మా ఆటగాళ్ళను ఇస్తాం, కొత్త జట్టు కట్టుకోండి అన్నాయి. ఆ మాటలో మంచితనమే తప్ప మరేమీ లేదు. పదుల సంఖ్యలో ఆటగాళ్ళు తయారుగా ఉన్నారు. నాలుగు రోజుల్లో ఎర్ర చొక్కాలు తొడిగి మళ్ళీ మంచు మీదకి దింపవచ్చు. టిక్కెట్లు అమ్ముడవుతాయి, టీవీలో బొమ్మ ఆగదు. సెప్టెంబరు 10న అరెనా-2000లో శవపేటికలు వరసగా పెట్టి ఉన్నాయి. ఊరంతా కదిలి వచ్చింది. ఆ రోజునే క్లబ్బు అధ్యక్షుడు యూరీ యాకొవ్లెవ్ ఈ సీజన్ కేహెచ్‌ఎల్‌లో ఆడటం లేదని ప్రకటించాడు.

ఆ నిర్ణయం విలువ తెలియాలంటే అదే దేశంలో, అదే ఆటలో అంతకు ఆరు దశాబ్దాల ముందు జరిగింది చూడాలి. 1950 జనవరిలో వైమానిక దళం జట్టు వీవీఎస్ చెల్యాబిన్‌స్క్ మ్యాచ్‌కి వెళ్తుండగా స్వెర్ద్‌లొవ్‌స్క్ దగ్గర విమానం కూలి పదకొండు మంది ఆటగాళ్ళు పోయారు. ఆ జట్టు స్టాలిన్ కొడుకు వాసిలీ సొంత ముచ్చట. పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. జట్టును హడావిడిగా మళ్ళీ నింపారు. చనిపోయిన యూరీ జిబుర్తొవిచ్ స్థానంలో తమ్ముడు పావెల్ వచ్చాడు. ఇంటిపేరు చదివేవాడికి ఏమీ మారినట్టు కనిపించదు. ఆ జట్టు 1951, 1952, 1953లలో వరసగా ఛాంపియన్ కూడా అయింది. స్టాలిన్ పోయిన ఏడాదే రద్దయింది. గెలుపులే కొలమానమైతే వీవీఎస్‌ది మంచి లెక్కే. కానీ పోయినవాళ్ళు పోయారన్న సంగతి బయటి జనానికి తెలియకుండా ఆ గెలుపులు వచ్చాయి. తమ్ముడు మంచు మీదకి దిగినప్పుడు చూసేవాళ్ళలో ఎంతమందికి అతను ఎవరి చోట నిలబడ్డాడో తెలిసుంటుంది?

లోకోమోటివ్ చేసింది దీనికి పూర్తిగా విరుద్ధం. పెద్ద లీగులో తన చోటు ఖాళీగా అందరికీ కనపడనిచ్చింది. 2011 డిసెంబరులో కింది శ్రేణి లీగైన వీహెచ్‌ఎల్‌లో తన బడి కుర్రాళ్ళను దింపింది. వాళ్ళకి కోచ్ ఎవరనుకున్నారు? 1997లో తొలి టైటిల్ తెచ్చిన వొరోబ్యోవే. అల్మెత్యెవ్‌స్క్ జట్టుతో ఇంటి మైదానంలో ఆడిన మొదటి మ్యాచ్ గెలిచారు. ఆ సీజన్ ప్లేఆఫ్‌కూ చేరారు. 2012లో గానీ పెద్ద లీగుకు తిరిగి రాలేదు.

మా పద్య నాటక సమాజంలో శ్రీకృష్ణ రాయబారం నాటకానికి కృష్ణుడి వేషం కట్టే ఆయన చనిపోయిన ఏడాది నాకు ఈ కథ పదే పదే గుర్తొచ్చింది. ఆయన కిరీటం పెట్టుకుంటే ఊళ్ళో పిల్లలు దణ్ణాలు పెట్టేవారు. జాతరకి మూడు వారాలే ఉంది. పక్క జిల్లా నుంచి కంట్రాక్టు మీద కృష్ణుణ్ణి తెద్దామన్నారు. మా రంగంలో అదేం వింత కాదు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చే నాటకాలు ఎన్ని చూడలేదు!

హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన్ని అడిగితే, "పడక సీను పద్యాలు మన కుర్రాడికి వచ్చు కదా బాబూ, ఆయనే నేర్పాడు. ఈసారికి ఆ ఒక్క సీనూ ఆడదాం. మిగతాది వచ్చే ఏటికి చూద్దాం" అన్నారు.

"జనం ఒప్పుకుంటారా మాస్టారూ?"

"ఒప్పుకోకపోతే లేచిపోతారు. ఆయన లేడని వాళ్ళకీ తెలుసుగా!"

ఆ సీనొక్కటే ఆడాం. కుర్రాడి రాగం పైస్థాయిలో ఒకచోట తడబడింది. వన్స్‌మోర్ ఎవరూ అనలేదు. అయినా ఎవరూ లేచిపోలేదు.

లోకోమోటివ్ తర్వాతి కథ సినిమాలా సాగలేదు. 2014లో సెమీఫైనల్ దాకా వచ్చి ఆగింది. కుర్రాళ్ళ జట్టు మాత్రం 2016, 2018, 2019లలో దేశంలోని యువ జట్ల లీగు కప్పు గెలిచింది. 2024లో ఇగోర్ నికీతిన్ కోచ్‌గా పెద్ద జట్టు గగారిన్ కప్ ఫైనల్‌కు చేరి, మాగ్నితొగొర్‌స్క్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. 2025 మేలో చెల్యాబిన్‌స్క్ జట్టు ట్రాక్టర్‌పై 4-1తో ఆ కప్పు తొలిసారి గెలిచింది. పద్నాలుగేళ్ళ నిరీక్షణ ఫలించిందని చాలామంది రాశారు. నాకు ఆ ముగింపు కొంచెం అతి అనిపించింది. ఫైనల్లో ఓడిన 2024 రాత్రి కూడా 2011 నిర్ణయం సరైనదే. కప్పు రాకపోతే తప్పయ్యేది కాదు, వచ్చింది కాబట్టి ఒప్పూ కాలేదు.

ఒకప్పుడు నేను దీన్ని సంయమనం కథగా చదివేవాణ్ణి: దుఃఖంలో తొందరపడకూడదు, ఖాళీని కొన్నాళ్ళు ఖాళీగా ఉండనివ్వాలి, అంతే. ఇప్పుడు ఇంకో సంగతి కనిపిస్తోంది. ఆగుతామని అనగలిగే స్తోమత ఆ క్లబ్బుకు ఉంది. రైల్వే డబ్బు ఒక్కటే ఉంటే చాలేది కాదు. ఏళ్ళ తరబడి పిల్లలకి ఆట నేర్పిన బడి ఉంది. టైటిల్ తెచ్చిన పాత కోచ్ పిలిస్తే వచ్చే దూరంలో ఉన్నాడు. అవి లేని క్లబ్బు అయితే అరువు ఆటగాళ్ళను తీసుకోవడమో, తలుపులు మూసుకోవడమో తప్ప దారి ఉండేది కాదు. ఆ విమానంలో పైలట్ సీటు దగ్గర లేనిది కూడా అదే: ఆ పనికి ముందునుంచీ తయారైన మనిషి.

మా కుర్రాడికి ఆ పద్యాలు ఎవరూ ఆ మూడు వారాల్లో నేర్పలేదు. కృష్ణుడి వేషం కట్టిన ఆయన బతికుండగా సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పినవే. మనిషి పోయిన నాడు చూపించే ఓర్పు ఆ నాటిది కాదని ఇప్పుడు తెలుస్తోంది. అది ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ, ఎవరూ గమనించని రోజుల్లో, కూడబెట్టుకోవలసింది.