పగిడ్యాల కూరగాయల మడులు

నంద్యాల జిల్లా ఉత్తర భాగములో, నందికొట్కూరుకు దగ్గరగా పగిడ్యాల ఉన్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడక ముందు ఈ మండలము కర్నూలు జిల్లాలో ఉండేది. ఒక ప్రక్క శ్రీశైలం జలాశయపు వెనుక నీళ్ళు, మరొక ప్రక్క కె.సి. కాలువ ఆయకట్టు, నడుమ ఎర్ర నేలలు, నల్లరేగడి చేలు. వరి, మొక్కజొన్న, మిరప, ఉల్లి పెద్ద పంటలు. వాటి మధ్య అక్కడక్కడ ఎకరము, అర ఎకరము కూరగాయల మడులు కనబడతాయి. వానకాలములో ఒకసారి, ఎండాకాలములో ఒకసారి మేము ఈ మడుల గట్ల మీద నడిచాము. చూచినదీ విన్నదీ మన చదువరులతో పంచుకొనుచున్నాము.

నీళ్ళ సంగతి

కర్నూలు - కడప కాలువ 1860ల నాటిది. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద మొదలయ్యే ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించింది. పొలాలకు నీరు, పడవలకు దారి రెండూ అవుతుందని వారి తలంపు. ఆదాయము రాక కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. తుంగభద్రలో నీరు చాలని ఏండ్లలో కాలువను ఆదుకొనుటకు ఈ మండలములోని ముచ్చుమర్రి వద్ద ఎత్తిపోతల పథకము కట్టి, 2017 జనవరిలో ప్రారంభించారు. జలాశయపు నిండు మట్టము 885 అడుగులు. మట్టము బాగా తగ్గిన రోజులలో కూడా ఇక్కడ నీరు తోడవచ్చును.

ఇంత నీరు దగ్గర ఉన్నా కూరగాయల రైతుకు నిశ్చింత లేదు. కాలువ నీరు వంతుల ప్రకారము వస్తుంది. వంగకూ బెండకూ నాలుగు రోజులకొకసారి తడి కావాలి. అందుచేత బోరు ఉన్నవాడే మడి కట్టుకుంటాడు.

మూడు కాలములు

మృగశిర కార్తె వానలు పడగానే నారుమళ్ళు పోస్తారు. అప్పుడు నారుకుళ్ళు భయము. నీరు నిలిస్తే లేత మొక్క మొదటనే మెత్తబడి వాలిపోతుంది. అందుకే మడిని జానెడు ఎత్తు చేస్తారు. ఈ కాలములో కలుపు కూలీయే పెద్ద ఖర్చు. ఉల్లి త్రవ్వే వేళకు ముసురు పట్టినదా, గడ్డ ఆరక కుళ్ళిపోతుంది. వానకాలపు ఉల్లి ఎక్కువ రోజులు నిలువ ఉండదు గనుక ఆ వారము ఎంత ధర ఉంటే అంతకే అమ్మవలసినదే.

శీతకాలము కూరగాయలకు మేలైన కాలము. టమాటా, వంకాయ, చిక్కుడు, ముల్లంగి, కొత్తిమీర అన్నీ చక్కగా కాస్తాయి. మన మడిలో కాసినట్టే అందరి మడులలోను కాస్తాయి. అందుచేత గంప నిండుతుంది గాని చెయ్యి నిండదు.

ఎండాకాలము దీనికి ఎదురు. ఇక్కడి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. వేడికి టమాటా పూత రాలిపోతుంది. బెండకు తెల్లదోమ పట్టి, పల్లాకు తెగులు వచ్చి, ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి. బోరు గంటసేపు పోసి ఆగిపోతుంది. పెండ్లిండ్ల కాలము గనుక ధర మాత్రము బాగుంటుంది. ధర ఉన్నప్పుడు కాయ లేదు, కాయ ఉన్నప్పుడు ధర లేదు అని ఇక్కడివారు అనే మాట ఉట్టిది కాదు.

ధర వెనుక పరుగు

2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో రెండు వందల రూపాయలకు దగ్గరగా పలికింది. అది చూచి ఎందరో టమాటా నాటారు. నారుకు నెల, నాటిన తరువాత మొదటి కోతకు రెండు నెలలు పడతాయి. పంట చేతికి వచ్చేది నేటి ధరకు కాదు, మూడు నెలల తరువాతి ధరకు. అంతవరకు కూడా ఆగలేదు. ముందుగా నాటినవారి కాయ అంతా ఒక్కసారి వచ్చి, సెప్టెంబరుకే రైతుకు కిలో పది రూపాయలు కూడా దక్కలేదు. ఉల్లి కూడా అంతే. 2019 డిసెంబరులో కిలో వంద దాటింది. 2025లో ధర పడిపోగా ప్రభుత్వము క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది. ఆ తరువాత హెక్టారుకు 50,000 రూపాయల సహాయము ప్రకటించింది.

ఒక ఎకరము లెక్క

ఊరి దగ్గర ఒక దంపతులకు బోరు క్రింద ఎకరము ఉన్నది. 2023లో టమాటా ధర చూచి, ఎకరమంతా అదే వేద్దామని, వడ్డీకి డబ్బు తెద్దామని భర్త అన్నాడట. పెద్దమ్మాయి నర్సింగు చదువుకు రెండవ యేటి ఫీజు కట్టవలసి ఉన్నది. ఒక్క పంటతో కడితే తీరిపోవునని అతని ఆశ. భార్య ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు.

"అందురూ ఏసిన పంట మనమూ ఏస్తే, అందురితో పాటే అమ్ముకోవాల గదక్కా! పోతే పోనీ అనుకోడానికి అది మన దుడ్డు కాదు, పిల్ల సదువు" అని ఆమె మాతో చెప్పింది.

చివరకు పాతిక సెంట్లకు మించి టమాటా వేయలేదు. ఒక పాతికలో వంగ, మరొక పాతికలో బెండ, గోరుచిక్కుడు. మిగిలిన పాతికలో పదిహేను రోజులకొక మడి చొప్పున పాలకూర, మెంతికూర, కొత్తిమీర. గట్ల మీద మునగ, బంతి. ఆ యేడు టమాటాలో కూలి కూడా రాలేదు. వంగ చాలా నెలలు కాసింది. ఆకుకూర వారానికి రెండు సార్లు నందికొట్కూరుకు వెళ్ళింది. ఫీజు ఒక్కసారి కట్టలేకపోయినా మూడు విడతలుగా కట్టారు. అప్పు మాత్రము చేయలేదు. అమ్మాయి చదువు ఆగలేదు.

ఆమె దగ్గర ఒక నోటుపుస్తకము ఉన్నది. విత్తనము, ఎరువు, కూలి, ఆటో బాడుగ, మండీ కమీషను అన్నీ అందులో వ్రాస్తుంది. ఏ నెలలో ఏ కాయకు ఎంత వచ్చినదో మూడేండ్ల లెక్క ఉన్నది. ఏమి వేయాలో ఇప్పుడు దంపతులిద్దరు ఆ పుస్తకము ముందు పెట్టుకొని మాట్లాడుకుంటారు.

ఈ పద్ధతిలో ఒక్క యేట ధనవంతులయ్యేది లేదు. ఎక్కువ రకాలు వేస్తే పని ఎక్కువ, తీరిక తక్కువ. అయినను ఒక పంట పోయిన యేట ఇల్లు నిలబడుతుంది. చిన్న కమతము గల మన కుటుంబములు ఆలోచించదగిన సంగతి ఇది.

బజారులో కొనేవారికి కూడా ఒక మాట. కోత పండుగ నాడు గుడిలో వేలము పాడి ఒక్క సొరకాయను ఎంతో ఇచ్చి కొంటాము. మరునాడు గంప దించుకొని కూర్చున్న అమ్మ దగ్గర రెండు రూపాయలకు బేరమాడుతాము. ఆ గంపలో మూడు నెలల నీళ్ళు, కలుపు, ఆటో బాడుగ, ఒక బిడ్డ ఫీజు ఉన్నవని తెలిసి కొంటే చాలును.