కొర్రమీనులు కూడా తేలాయా?

చెరువులో చేపలు చచ్చాయని ఫోనొస్తే నేను మొదట అడిగేది ఇదే. కొర్రమీను, మార్పు లాంటివి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటినా పైకొచ్చి గాలి మింగి బతికేస్తాయి. బొచ్చె, రవ్వ అలా కాదు, తెల్లవారుజామున నోళ్లు తెరుచుకుని తేలిపోతాయి. అందులోనూ ముందు పోయేవి పెద్దవి. అది మురుగు చేరిన చెరువు లక్షణం. చిన్నా పెద్దా, కొర్రమీనులు, ఆఖరికి నీటి పురుగులు కూడా ఒక్క రాత్రిలో పోయాయంటే ముందు విషాన్నే అనుమానించాలి.

ఫీల్డ్‌మన్‌గా చేరి, తర్వాత నీటి పరీక్షల పనిలో స్థిరపడ్డాను. తిరిగిందంతా సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టూనే. 1970ల్లో మొదలైన పారిశ్రామికవాడ బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం దాకా పరుచుకుంది. మందుల కంపెనీలే ఎక్కువ. ఇక్కడి నీళ్లు నక్కవాగులో పడి మంజీరకు పోతాయి. కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టు మీదుగా గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పు దాకా వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా తేలాయి.

మేం వెళ్లేసరికి ఎప్పుడూ ఆలస్యమే. వాన దంచిన రాత్రి ఏదో కలుస్తుంది, తెల్లారి మత్స్యకారుల సంఘంవాళ్లు చూస్తారు, మాకు కబురందేసరికి పది దాటుతుంది. కట్ట మీద నిలబడ్డ పెద్దాయన ఒకసారి నా సీసాల పెట్టె చూసి, "గిప్పుడొస్తే ఏం దొర్కుతది సారూ? నీళ్లు మత్తడి దుంకి పాయె" అన్నాడు. రసాయనశాస్త్రం చదివినవాళ్లెవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. ఎండెక్కితే నాచు మళ్లీ ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఊపిరాడక చచ్చిన చెరువు మధ్యాహ్నానికి పరీక్షలో పాసైపోతుంది.

అయినా చేయాల్సింది చేస్తాం. సీసాను బుడగ రాకుండా ముంచి నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆ వెంటనే క్షారం కలిపిన అయోడైడ్ చుక్కలు వేస్తాను. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. మీటరు చేతిలో ఉన్నా సంఘంవాళ్ల ముందు ఈ పరీక్ష చేయడమే నాకిష్టం, ఎవరి కళ్లతో వాళ్లు చూసుకోవచ్చు. లోహాల కోసం ప్లాస్టిక్ సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పట్టాలి. పురుగుమందుల కోసం గాజు సీసా, మూత కింద అల్యూమినియం రేకు, చుట్టూ ఐసు. కూల్‌డ్రింకు బాటిల్‌లో నీళ్లు పట్టి పంపి, రిపోర్టులో ఏమీ రాలేదంటే ఎలా వస్తుంది? నీళ్లు దాటిపోయినా అడుగు బురద దాటిపోదు. అందుకే ఓ డబ్బా బురద కూడా తీసుకుంటాను.

చేపల్లో కొనప్రాణంతో కొట్టుకుంటున్నవే పనికొస్తాయి. కుళ్లినదాంతో ఏం తేలదు. బొటనవేలితో మొప్పడిప్ప ఎత్తి చూస్తాను. ఎర్రగా, రేకురేకుగా ఉండాల్సిన మొప్పలు ఒక్కోసారి గంజి పట్టినట్టు జిగురుతో అతుక్కుపోయి ఉంటాయి. రాగి, జింకు లాంటి లోహాలు తగిలితే చేప ఒళ్లు చేసుకునే రక్షణ అది. ఆ రక్షణే ఊపిరి ఆపేస్తుంది. ఆమ్లం తగిలినా అంతే, కాబట్టి చూసినంత మాత్రాన పేరు పెట్టకూడదు. సదాశివపేట వైపు పత్తి చేల కింద కుంటల్లో ఇంకో రకం చూశాను. రొమ్ము రెక్కలు ముందుకు బిగుసుకుపోయి ఉంటాయి. మోనోక్రోటోఫాస్ జాతి మందులు నరాలకూ కండరాలకూ మధ్య ఉండే ఎంజైమును పట్టేస్తాయి. బిగిసిన కండరం వదలదు. సైపర్‌మెత్రిన్ అయితే లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు. స్ప్రే డబ్బా కుంటలో కడగొద్దని రైతుకు చెప్పడం, ఫ్యాక్టరీకి నోటీసివ్వడం కన్నా తేలికే. అందుకే అది ఎక్కువసార్లు చెబుతాం.

చచ్చిన చేపకు ఫోనొస్తుంది, ఫొటోగ్రాఫరూ వస్తాడు. బతికిన చేప గురించి ఎవరూ ఫోన్ చేయరు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో లోహాలు మొప్పల దగ్గరే కొంత ఆగిపోతాయి, చేప చావదు. చావకుండా నెలల తరబడి కాడ్మియాన్ని కిడ్నీలో, సీసాన్ని ఎముకలో, పొలుసులో దాచుకుంటుంది. మన ప్రమాణాల ప్రకారం, శుద్ధి చేసిన వ్యర్థజలంలో చుక్క మంచినీళ్లు కలపకుండా 96 గంటలు ఉంచితే నూటికి 90 చేపలు బతకాలి. నాలుగు రోజుల పరీక్ష అది. కొర్రమీను చెరువులో ఏళ్ల తరబడి ఉంటుంది!

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ప్రపంచమంతా మాట్లాడింది దాని గురించే. నన్ను ఆలోచనలో పడేసింది 2009లో వచ్చిన ఇంకో పేపరు. అవే నీళ్లను 0.2 శాతానికి పలచన చేసి కప్పపిల్లల్ని పెంచితే, అవి చావలేదు. ఎదుగుదల మాత్రం దాదాపు 40 శాతం తగ్గింది. మా రిపోర్టు ఫారంలో చనిపోయినవి ఎన్ని అనే గడి ఉంది. ఎదగనివి ఎన్ని అనే గడి లేదు.

సంఘంవాళ్లు చివర్లో అడిగేది, మిగిలినవి అమ్ముకోవచ్చా అని. అప్పుతెచ్చి వలలు కొన్నవాళ్లకు వద్దని చెప్పడం కష్టం. పొలుసు, మొప్పలు, కాలేయం, కిడ్నీ, పేగులు తీసిపారేసి, ఎముక తినకపోతే సీసం, కాడ్మియం చాలావరకు పోతాయని చెబుతాను, అది నిజమే. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది, ఎంత ఉప్పేసి కడిగినా పోదు. చిన్నచేపల్ని తినే పెద్ద కొర్రమీనులో మరీ ఎక్కువ. రిపోర్టు వచ్చేదాకా ఆగమనే నా సలహా. రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, చేప సాయంత్రానికే పాడవుతుంది. నా మటుకు నేను ఈ చెరువుల పెద్ద కొర్రమీను కొనను. అయితే మార్కెట్లో ఏ గంపకూ చెరువు పేరు రాసి ఉండదు. అడిగితే అన్నీ సింగూరు ప్రాజెక్టు చేపలే.