అయిదోవంతు

తెలుగు మేష్టరుకి సైన్సు ప్రయోగాలతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. "సంధులూ సమాసాలూ చెప్పుకునే వారికి ఈ కొవ్వొత్తులూ గ్లాసులూ యెందుకండీ?" అంది, వంటింట్లోంచి మూడు గాజు గ్లాసులు నేను సంచీలో వేసుకుంటూ వుంటే. ఆ గ్లాసులు చుట్టాలొస్తే తప్ప బయటికి తీయనివి. అంచేత ఆ ప్రశ్నలో సైన్సు మీద కోపం కంటె గ్లాసుల మీద బెంగే ఎక్కువ వుందని నేను గ్రహించకపోలేదు.

జరిగిందేమిటంటే, కిందటేడు ఫిబ్రవరి 28న మా వూరి ఎలిమెంటరీ బళ్ళో సైన్సు దినం చెయ్యాలనుకున్నారు. రామన్ గారు తన పేరిట వెలసిన ఫలితాన్ని కనుగొన్నది 1928లో ఆ తేదీనే. దాని గుర్తుగా 1987 నుంచి దేశమంతా ఆ రోజున పండగ చేస్తున్నారు. ప్రయోగాలు చేసి చూపిస్తానన్న పెద్దమనిషికి ఆ ముందు రాత్రే జ్వరం వచ్చింది. ఆ బడి హెడ్మాస్టరు నాకు చిన్ననాటి స్నేహితుడు. "ఒరేయ్, నువ్వు రావాలిరా. కాలేజీ లెక్చరరువి, ఆమాత్రం చెప్పలేవూ!" అన్నాడు ఫోనులో. నేను ఏం చెప్పే లెక్చరర్నో వాడు ఆ క్షణాన మరచిపోయాడు. కాలేజీ లెక్చరరు అనే మాట వినేసరికి నేనూ మరచిపోయాను.

నేను పుట్టింది బండారులంకలోనే. ఇప్పుడు కాపురం అమలాపురమైనా అదేమంత దూరం కాదు, సైకిలు మీద పోయి రావచ్చు. బండారులంక అనగానే చాలామందికి గుర్తొచ్చేది చేనేత చీరలు. మా నాన్నగారూ గుంటమగ్గం మీద నేసినవారే. నా చిన్నతనంలో మా వీధిలో నాడె చప్పుడు లేని పగలు లేదు. ఇప్పుడు ఆ చప్పుడు వినిపించే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

బడికి వెళ్ళేసరికి నాలుగూ అయిదూ తరగతుల పిల్లలు ఇరవై మూడు మంది చాపల మీద కూచుని వున్నారు. మొదటి ప్రయోగం అయోడిన్ మందుది. గంజి వున్న చోట ఆ మందు చుక్క పడితే నల్లని నీలం రంగు వస్తుంది. గంజి లేని చోట మందు తన గోధుమరంగులోనే వుండిపోతుంది. అన్నం మెతుకు, బంగాళాదుంప ముక్క, పంచదార, ఉప్పు, తలా ఒక చిప్పలో పెట్టి, "ఏది నల్లబడుతుందో ముందు చెప్పండి" అన్నాను. పిల్లలు పందేలు వేసుకున్నారు. మెతుకు నల్లబడగానే బడి కప్పు లేచిపోయింది.

రెండో వరసలో రెండు జడల పిల్ల ఒకతె లేచి, "ఒక్క నిమిషమండీ" అని బయటికి పరుగెత్తింది. నేను దాహానికనుకున్నాను. అయిదు నిమిషాల్లో రెండు నూలుపోగులు పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఇది పడుగుదండీ. ఇది పేకదండీ. పడుగు నల్లబడద్ది, పేక నల్లబడదు చూడండి" అంది.

"నీకెలా తెలుసే?"

"పడుక్కి మా అమ్మ గంజి పెడతాదండీ. పేకకి పెట్టదు. ఆయ్!"

చుక్క వేశాను. ఆ పిల్ల చెప్పినట్టే అయింది. మగ్గాలున్న ఇంట పుట్టి, నలభై ఏళ్ళు దాటి, ఎమ్మే చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ పిల్ల పాఠంలోని సంగతిని తన ఇంటికి తీసుకువెళ్ళి, ఇంట్లోని సంగతిని బడికి తెచ్చింది. ఆనందంతో చప్పట్లు కొట్టించాను. ఆ చప్పట్ల మత్తులోనే రెండో ప్రయోగానికి దిగాను.

అది మీ అందరికీ తెలిసిందే. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యన కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించాలి. కొవ్వొత్తి ఆరిపోతుంది. నీళ్ళు గ్లాసులోకి ఎగబాకుతాయి. గాలిలో అయిదోవంతు ప్రాణవాయువు. మంట దాన్ని తినేసింది. ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి. నేను అలాగే చదువుకున్నాను, పరీక్షలో అలాగే రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. గ్లాసుకి పది గీతలు గీసిన కాగితం అంటించాను. నీళ్ళు దాదాపు రెండో గీత దాకా వచ్చి ఆగాయి. "పదింట రెండు! అంటే అయిదోవంతు!" అన్నాను, పద్యం చివరి పాదం చదివే ఫక్కీలో.

రెండు జడలు మళ్ళీ లేచాయి.

"మరేనండీ, కొవ్వొత్తి మండుతున్నప్పుడు నీళ్ళు లేవలేదు గదండీ? ఆరిపోయాక లేచాయి. తినేదప్పుడు ఊరుకుని, తిన్నాక వచ్చాయేంటండీ?"

"నువ్వు సరిగా చూడలేదు" అన్నాను.

"రెండు కొవ్వొత్తులు పెడితేనండీ?"

"రెండు పెట్టినా పది పెట్టినా గ్లాసులో వున్న ప్రాణవాయువు అంతే. అయిదోవంతే!"

ధీమాగా రెండు వెలిగించాను. నీళ్ళు మూడో గీత ఎక్కాయి. మూడు వెలిగించాను. నాలుగో గీతకి కొంచెం తక్కువలో ఆగాయి. ఇరవై మూడు మొహాలు గ్లాసు వంక చూసి, తరవాత నా వంక చూశాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే వుంది. "గ్లాసు వంకరగా పెట్టాం. నీళ్ళు ఎక్కువ పోశాం. కూర్చో!" అన్నాను. ఆ 'కూర్చో'లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాదు, కొత్తగా కాదు, బాగా పాతగా. ఆ గొంతు నేను ఎప్పుడో విన్నదే. మరో వూళ్ళో అమ్మమ్మగారింట వుండి చదువుకునే రోజుల్లో, తొమ్మిదేళ్ళ వయసులో, నేనూ సరిగ్గా ఈ ప్రశ్నే వేశాను: దీపం ఆరాక నీళ్ళు లేచాయేమండీ అని. నెత్తి మీద మొట్టికాయ పడింది. ఆ తరవాత సైన్సు క్లాసులో నేను ఏ ప్రశ్నా వేయలేదు. క్రమంగా ఆ ప్రశ్న నాకు వచ్చిందన్న సంగతే మరచిపోయాను. ఇప్పుడు ఆ పిల్ల కూర్చుంది. తల వంచుకుని, నూలుపోగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

గంట కొట్టారు. బతికిపోయాననుకున్నాను గాని, సైకిలు మీద ఇంటికి వస్తూంటే దారి పొడుగునా ఆ వంచిన తలే కనిపించింది.

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో మళ్ళీ పళ్ళెం పెట్టాను. మా ఆవిడ గ్లాసు పగలకుండా చూడటానికి పక్కన నిలబడింది. "అరె, బుడగలొస్తున్నాయి" అంది. నిజమే. గ్లాసు బోర్లించగానే అంచు కిందనుంచి బుడబుడమని గాలి బయటికి పోతోంది. పగలు నేను మాట్లాడుతూ వుండటాన గమనించలేదు. ఆవిడ నవ్వి, "ఇందులో ఏముందండీ! వేడివేడి గిన్నె మీద బిగువుగా మూత పెట్టి వదిలేస్తే చల్లారాక అది ఊడి రాదు చూడండి, అలాంటిదే ఇదీను" అంది. నేను నోరు తెరిచాను.

మర్నాడు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. ఆయన నా భుజం తట్టి, "మీరేం దిగులుపడకండి. ఈ తప్పుకి చాలా పెద్ద వంశం వుంది" అన్నారు. దాదాపు 2200 ఏళ్ళ క్రితం బైజాంటియం వాడైన ఫైలో అనే గ్రీకు పండితుడు ఈ ప్రయోగం రాసిపెట్టాడట. అప్పటినుంచీ నీళ్ళు లేస్తూనే వున్నాయి, కారణాలు మారుతూనే వున్నాయి. అసలు సంగతి ఇది. మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ సందులోకి బయటి గాలి ఒత్తిడి నీళ్ళను నెడుతుంది. రెండు కొవ్వొత్తులైతే వేడి ఎక్కువ, పోయే గాలి ఎక్కువ, లేచే నీళ్ళూ ఎక్కువ. పోనీ ప్రాణవాయువు అంతా ఖర్చవుతుందా అంటే అదీ లేదు. గాలిలో అది నూటికి 21 వంతులు. సుమారు 16 వంతులకి తగ్గేసరికే కొవ్వొత్తి కొండెక్కుతుంది. పైగా తిన్న ప్రాణవాయువుకి బదులు బొగ్గుపులుసు వాయువుని వదిలిపెడుతుంది. నీళ్ళు సరిగ్గా అయిదోవంతు దగ్గర ఆగడం కాకతాళీయం.

"పిల్లలకి ఇదంతా చెబితే మన మాట మీద గురి పోదుటండీ?" అన్నాను.

ఆయన నాకు హోషంగాబాదు కథ చెప్పారు. 1972లో మధ్యప్రదేశ్‌లో ఆ జిల్లాలోని 16 బళ్ళలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. పిల్లలే ప్రయోగం చేస్తారు, చూసిందే రాస్తారు, రాసినదాంట్లోంచి సంగతి తేల్చుకుంటారు. తరవాత అది వందల బళ్ళకి పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. "అక్కడ మేష్టర్లు నేర్చుకోవలసివచ్చిన మొదటి పాఠం రసాయనశాస్త్రం కాదండీ. 'నాకు తెలీదు, చేసి చూద్దాం' అనే వాక్యం" అన్నారు. తెలుగు మేష్టర్ని గదా, ఆ వాక్యం నాకు వ్యాకరణరీత్యా చాలా సులువుగా కనిపించింది. పలకడమే కష్టం.

ఇంటికి వస్తూ మా తెలుగు మాట ఒకటి గుర్తొచ్చింది. ప్రాణవాయువుకి మన పాత పాఠ్యపుస్తకాల్లో 'ఆమ్లజని' అని పేరు. ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం. ఫ్రాన్సులో లవోజియే పెట్టిన 'ఆక్సిజన్' అనే పేరుకి అది అనువాదం. ఆమ్లాలన్నిటికీ మూలం అదేనని ఆ మహానుభావుడు అనుకున్నాడు. 1810లో డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదని తేల్చాడు. పేరు తప్పని తేలినా లవోజియే పరువు పోలేదు. ఇవాళ్టికీ ఆధునిక రసాయనశాస్త్రానికి ఆయన్నే తండ్రి అంటారు. అంతటివాడి తప్పు మన భాషలో సైతం కూచుని వుండగా, నా తప్పు నేను ఒప్పుకుంటే బండారులంక మునిగిపోతుందా?

మళ్ళీ బడికి వెళ్ళాను. మిత్రుడి ఎదటే, పిల్లలందరి ఎదటే చెప్పాను. "ఆ రోజు గ్లాసు వంకరగా లేదు. నేను చెప్పిందే తప్పు. ఈ అమ్మాయి అడిగిందే సరైన ప్రశ్న." పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో బుడతడు మాత్రం పక్కవాడితో, "మేష్టార్లకి కూడా తప్పులొత్తాయిరోయ్" అన్నాడు, ఎంతో ఊరట పొందినవాడిలా.

"అయితే గాలిలో అయిదోవంతు అన్నది కూడా అబద్ధమేనాండీ?" అంది రెండు జడల పిల్ల.

దానికి మందు నా సంచీలోనే వుంది. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ప్రాణవాయువుని పట్టుకుంటుంది. ఇక్కడ మంట లేదు, వేడి గొడవ లేదు. అమలాపురంలో లేతు మిషను దగ్గర ఇనుపరజను అడిగి తెచ్చాను. దాని నూనె జిడ్డు పోయేలా పిల్లలే సబ్బునీళ్ళతో కడిగారు. గ్లాసు లోపల తడిచేసి రజను చల్లితే గోడకి అంటుకుంది. దాన్ని పళ్ళెంలో నీళ్ళ మీద బోర్లించి, నీళ్ళు లోపలికి పోవడానికి అంచు కింద రెండు పుల్లముక్కలు పెట్టాం.

"రజను రెట్టింపు వేస్తేనండీ?"

ఆ ప్రశ్న రాకపోతే నాకు వెలితిగా వుండేది. ఈసారి ధీమాగా ఏమీ అనలేదు. "నాకూ తెలీదమ్మా. చేసి చూద్దాం" అన్నాను. రెండో గ్లాసులో రెట్టింపు రజను చల్లాం. మూడో గ్లాసులో ఏమీ చల్లకుండా ఊరికే బోర్లించాం. ఈ మూడో గ్లాసు సలహా హెడ్మాస్టరుది. వాడు బీరువాలోంచి పాత 'చెకుముకి' సంచికలు తీసి రాత్రంతా చదివాట్ట. రోజూ బడి గంట కొట్టగానే గీతలు చూసి పుస్తకంలో రాసే పని పిల్లలు పంచుకున్నారు.

మన కోనసీమ తేమలో ఇనుము తుప్పు పట్టడానికి బతిమాలుకోనక్కర్లేదు. రజను ఎర్రబడింది. నీళ్ళు రోజు రోజుకీ మెల్లిగా ఎక్కాయి. రెట్టింపు రజను వున్న గ్లాసులో తొందరగా ఎక్కాయి. నేను అయిదో రోజున వెళ్ళేసరికి రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు రెండో గీత దగ్గరే వున్నాయి. ఊరికే బోర్లించిన గ్లాసులో ఎక్కనే లేదు. ఆ తరవాత రెండు రోజులు చూసినా రెండో గీత దాటలేదు. పిల్లల పుస్తకంలో ఆ సంగతి ఇలా రాసి వుంది: "రజను ఎక్కువేస్తే తొందర. కాని ఎక్కువ కాదు. అయిదోవంతే."

కొవ్వొత్తి దగ్గర ఏ ప్రశ్నకి నా మాట కూలిపోయిందో, అదే ప్రశ్నకి ఈ మాట నిలబడింది. ఆ పిల్ల గ్లాసు దగ్గర మోకాళ్ళ మీద కూచుని చాలాసేపు చూసి, "ఇప్పుడు సరేనండీ" అంది. ఎమ్మేలో ఫస్టు క్లాసు వచ్చిననాడు కూడా నాకు అంత తృప్తి కలగలేదని ఒట్టేసి చెప్పగలను.

నా తొమ్మిదేళ్ళనాటి ప్రశ్నకీ జవాబు దొరికింది. ఆ రోజు నన్ను మొట్టిన మేష్టారి మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనకీ తెలిసివుండదు. తెలీదని చెప్పడం ఆయనకి ఎవరూ నేర్పివుండరు.

వచ్చేటప్పుడు గ్లాసులు అడిగాను. తుప్పు మరక వదలలేదు. మిత్రుడు సంశయిస్తూంటే, "బళ్ళోనే వుంచరా" అన్నాను. ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మా ఆవిడ కాస్సేపు మాట్లాడకుండా వుండి, "ఆ పిల్ల ఈసారి ఏమడిగిందేమిటి?" అంది.