రెండు విమానాల నడుమ సందు

బొంబాయి వెళ్ళిన మన వాళ్ళు గేట్‌వే, మహాలక్ష్మి గుడి, జుహూ చూసి, దాదర్‌లో చీరలు కొనుక్కుని వస్తారు. (ముంబయి అని పేరు మారి ఇన్నేళ్ళయినా మా షోలాపూరు వాళ్ళ నోట బొంబాయే!) మొన్న వెళ్ళినప్పుడు నేను ఇవేవీ చూడలేదు. నాలుగు రోజులూ విమానాలు దిగడమే చూశాను.

మా అక్కా బావా ఉండేది అసల్ఫాలో. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి దాదర్‌లో దిగి, లోకల్‌లో ఘాట్‌కోపర్, అక్కడినుంచి మెట్రోలో రెండో స్టేషను. గుట్ట మీదికి మెట్లు మెట్లుగా ఇళ్ళు, గోడలకు రకరకాల రంగులు. డాబా మీద నిలబడితే తూర్పునుంచి వచ్చే విమానం చక్రాలు కిందికి దించుకుని, పక్కనుంచే పడమటికి జారిపోతూ కనిపిస్తుంది. శబ్దానికి కాసేపు మాటలు ఆపుకోవాలి. వాళ్ళకది అలవాటే. మాట సగంలో ఆగుతుంది, విమానం పోయాక మిగతా సగం మొదలవుతుంది.

ఆ విమానాశ్రయంలో రన్‌వేలు రెండు, కానీ పనిలో ఒక్కటే. రెండూ కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అందుచేత రెండింటినీ విడివిడిగా ఒకేసారి నడపడం కుదరదు. పెద్దదాని పొడవు దాదాపు 3.4 కిలోమీటర్లు. సముద్రపు గాలికి ఎదురుగా పడమటికి వాడినప్పుడు దాని పేరు 27, అంటే 270 డిగ్రీల దిక్కు. 2018లోనే ఇక్కడ ఒక్క రోజులో వెయ్యికి పైగా విమానాలు దిగాయి, ఎగిరాయి. ఒకటి దిగడానికి వస్తూండగా దానికి ముందున్న కాస్త సందులోనే ఇంకొకటి పైకి లేచిపోవాలి. ఆ సందు కొలిచి ఇచ్చేది 84 మీటర్ల ఎత్తు టవరులో కూర్చున్న కంట్రోలరు.

2024 జూన్ 8న ఆ సందు దాదాపు మూసుకుపోయింది. తిరువనంతపురం బయలుదేరిన ఎయిరిండియా విమానం 27 మీద పరుగెత్తుతూ ఇంకా నేల విడవకముందే, ఇండోర్‌నుంచి వచ్చిన ఇండిగో విమానం దాని వెనకే చక్రాలు ఆనించింది. ముందుది లేచిపోయింది కాబట్టి సరిపోయింది. ఎవరో తీసిన వీడియో మర్నాటికల్లా దేశమంతా తిరిగింది. టవర్ చెప్పినట్టే దిగామని ఇండిగో, ఎగరడానికి అనుమతి ఉందని ఎయిరిండియా ప్రకటించాయి. డీజీసీఏ విచారణకు పూనుకుని, ఆ కంట్రోలరును విధులనుంచి తప్పించింది.

రెండు ప్రకటనల్లో అబద్ధం కనబడదు. నాకు భయం కలిగించింది అదే! ఇద్దరికీ అనుమతి ఉంది.

మిల్లులో పనిచేసి రిటైరైన మా బావ, “ఢీకొనలేదు గదా” అని తేల్చేశారు. అక్క అలా తేల్చుకోలేదు. వాళ్ళబ్బాయి మస్కట్‌నుంచి ఏడాదికి రెండుసార్లు ఇక్కడే దిగుతాడు. వీడియో చూసినప్పటినుంచి ఆమె బట్టలారేస్తూ కూడా లెక్క పెడుతుంది. “చూడరా, ఒకటి వచ్చింది. ఇప్పుడు ఒకటి పోవాల. పోయిందా?” రెండు విమానాలు వెంటవెంటనే వస్తే క్లిప్పు చేతిలోనే ఉండిపోతుంది.

“ఇప్పుడన్నీ యంత్రాలేనట గదా?” అని అడిగింది. యంత్రం ఉన్నమాట నిజమే. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది పోయాక, ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి ‘పైకి పో, కిందికి పో’ అని చెప్పే పరికరం మన దేశంలో తప్పనిసరి చేశారు. కానీ నేలకు బాగా దగ్గరగా వచ్చాక అది ఆ ఆజ్ఞలు ఇవ్వదు. రన్‌వే మీద పైలట్ కళ్ళూ, చెవిలో కంట్రోలరు గొంతూ, అంతే. ఇది అక్కకు చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పేశాను. పెద్దగా కంగారు పడలేదు. “ఆ పిల్లగాడికి నిద్ర సరిగ్గా ఉండేనో లేదో” అంది, కంట్రోలరు గురించి!

ఒక్కరిని కుర్చీలోంచి లేపితే సందు వెడల్పవుతుందా అన్నది నా అనుమానం. బెంగళూరు సభ్యులకు 2022 జనవరి సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక్క రన్‌వేనే వాడాలన్న నిర్ణయం దక్షిణపు టవరుకు చేరలేదు. పక్కపక్క రన్‌వేలనుంచి రెండు ఇండిగో విమానాలు ఒకేసారి లేచి ఒకదాని వైపొకటి మళ్ళాయి. రెండింట్లో కలిపి 426 మంది. రాడార్ ముందున్న మరో కంట్రోలరు చూసి చెరోవైపు తిప్పాడు. మరచిందీ మనిషే, కాపాడిందీ మనిషే. 2025 అక్టోబరులో నవీ ముంబయి విమానాశ్రయం ప్రారంభించారు. పాతదాని మీద ఒత్తిడి కొంతయినా తగ్గితే మంచిదే.

నాలుగో రోజు సాయంత్రం బావ నన్ను జరీమరీ తీసుకెళ్ళారు. అంధేరీ–కుర్లా రోడ్డు అక్కడ రన్‌వే తూర్పు కొస పక్కనుంచే పోతుంది. టీ తాగుతున్నాం. దిగబోతున్న విమానం ఒకటి, చక్రాలు కూడా దించింది, ఒక్కసారిగా హోరుమని మళ్ళీ పైకెత్తుకుంది. ముందున్నది రన్‌వే ఖాళీ చేయలేదేమో, ఇంకేదో. దీన్ని ‘గో అరౌండ్’ అంటారు. “లోపలివాళ్ళు ఆలస్యమైందని తిట్టుకుంటూంటారు” అన్నారు బావ. టీ కొట్టతను తలెత్తి కూడా చూడలేదు.

ఇరవై నిమిషాలకు అదే రంగు తోక మళ్ళీ తూర్పున కనిపించింది. అది దిగేదాకా బావ నన్ను బస్సెక్కనివ్వలేదు.