అమృతం పలచబడిందా?

పాత సినిమాల మీద, పాత క్రికెట్ ఆటగాళ్ల మీద వాదించుకున్నట్టే మనవాళ్లు 'అమృతం' సీరియల్ మీద ఇప్పటికీ వాదించుకుంటారు. సీరియల్ ఆగిపోయినా వాదన మాత్రం ఆగలేదు. ప్రశ్న ఒక్కటే: అది చివరిదాకా ఒకే రుచిగా ఉందా, లేక నడుమనే పలచబడిందా?

తెలియనివారికి నాలుగు మాటలు. గుణ్ణం గంగరాజు గారు తలపెట్టిన ఈ హాస్య ధారావాహిక 2001 నవంబరు 18న జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు 18న ముగిసింది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. మొత్తం 313 భాగాలు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వారి భార్యలు, వాళ్లు నడిపే అమృత విలాస్ హోటలు, అందులో సర్వం అనే సర్వరు, అద్దె కోసం ప్రాణం తీసే ఇంటి యజమాని అప్పాజీ. ఇంతే సరంజామా. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. అంజిగా మాత్రం మొదటినుంచి చివరిదాకా గుండు హనుమంతరావు గారే.

తగవంతా ఆ ముగ్గురి దగ్గరే. మా చిన్నాయనది నరేష్ పక్షం. "నరేషు ఉన్నన్నాళ్లే రా అమృతం. ఆ తర్వాతంతా నీళ్ల మజ్జిగ" అంటాడు. ఆయన వారం వారం కాచుకుని టీవీలో చూసినవాడు. హాస్టల్లో నా మిత్రులంతా హర్షవర్ధన్ పక్షం. సీరియల్ ముగిసేనాటికి మేము ఇంకా తప్పటడుగుల పిల్లలం. యూట్యూబ్‌లో వరుసా వాయీ లేకుండా, దొరికింది దొరికినట్టు చూసినవాళ్లం.

సైన్సు విద్యార్థిగా నాకు తోచేదేమంటే, ఈ రెండు పక్షాల కొలతలూ ఒకటి కావు. చిన్నాయన తొలి ఏళ్లలో తనకు గుర్తుండిపోయిన పదీ ఇరవై భాగాలను ఒక తట్టలో పెట్టి, చివరి ఏళ్లలోని మంచీ చెడూ మొత్తాన్ని ఇంకో తట్టలో పెడతాడు. మరచిపోయినవి తూకానికి రావు. మేమేమో నలుగురూ బాగుందని పంపినవే చూసి, అంతా బాగుందంటాం. శాంపిల్ తీసిన తీరులోనే తేడా ఉంది.

అయితే చిన్నాయన మాటల్లో తోసేయలేనిది ఒకటుంది. "వారం వారం అదే కథ గదరా! ఏదో పథకం వేస్తారు, మునుగుతారు, మళ్లా ఆ హోటలుకే వస్తారు. ఆరేండ్లు అదే చూడమంటే ఎట్లా?"

కర్నూలు ఉల్లి రైతు ఇంట్లో పుట్టినవాడికి ఆ కథ పాతబడదని నా జవాబు. ధర ఉంటుందనుకున్న ఏడే మార్కెట్‌లో సరుకు దించిన కూలి కూడా రాదు. ఇక ఉల్లి ముఖం చూడనని నాయన ఒట్టు పెట్టుకుంటాడు. మళ్లా వానాకాలానికి నారు పోస్తాడు. అమృతం, అంజి చేసేదీ అదే. ఆ ఏళ్లలో వెండితెర మీద మా సీమ అంటే బాంబులు, సుమోలు. 'ఒక్కడు' (2003) మా కొండారెడ్డి బురుజును కూడా తగాదాకే వాడుకుంది. మా ఇంటి బాధలకు దగ్గరగా ఉన్నది హైదరాబాదులోని ఆ చిన్న హోటలే. అప్పాజీ గడప తొక్కినప్పుడల్లా నాయన పడీపడీ నవ్వేవాడట. "బాకీ అడిగేటోన్ని చూసి మీ నాయన నవ్వింది ఆ అర్ధగంటే" అంటుంది అమ్మ.

అలాగని లోపమే లేదనను. ఆరేళ్ల పంటలో తాలు ఉండకుండా పోదు. నా లెక్కలో అమృతం పలచబడేది నటుడు మారినప్పుడు కాదు, అద్దె బాధనూ ఇడ్లీ ప్లేటునూ వదిలి కథ దూరం పోయినప్పుడు. 2014లో గంగరాజు గారే తీసిన 'చందమామలో అమృతం' సినిమాలో హోటలు ఏకంగా చంద్రుడి మీదికి పోయింది. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి ఉన్నా నాకు ఆ పాత నవ్వు రాలేదు. చంద్రుడి మీద వస్తువు బరువు ఆరో వంతే ఉంటుందని చదువుకున్నాం. అప్పు బరువు కూడా అక్కడ అంతే అయిపోయింది.

2018లో హనుమంతరావు గారు కన్నుమూశారు. 2020లో జీ5లో వచ్చిన 'అమృతం ద్వితీయం'లో అంజిగా ఎల్.బి. శ్రీరామ్ గారు నటించారు. ఆయన గొప్ప నటుడే. అయినా అది చూసిన రోజు చిన్నాయనా నేనూ మొదటిసారి ఒకే పక్షాన నిలబడ్డాం. అమృతాలు ముగ్గురు మారితే తట్టుకున్నవాళ్లం, అంజి ఒక్కడు మారితే తట్టుకోలేకపోయాం.

కనుక మిత్రులారా, ఏ అమృతం గొప్ప అన్నది కాసేపు పక్కనబెట్టి, ఏ భాగంలో ఎందుకు నవ్వామో చెప్పుకుందాం. మొదటి భాగం నుంచి వరుసగా, ఆదివారానికి ఒక్కటి చొప్పున చూడాలని చిన్నాయనా నేనూ ఒప్పందం చేసుకున్నాం. 313 వారాలంటే ఆరేళ్లు. తీర్పు అప్పుడు చెబుతాను.